నూటికి అయిదు అబద్ధాలు

విజయవాడ, వన్ టౌన్
సోమవారం

నా సువార్తకు,

క్షేమం అడగను. గుడివాడలో చెల్లెలి ఇంట్లో ఉన్నదానికి క్షేమానికి లోటేమిటి? ఎప్పుడు ఫోన్ చేసినా రూతే ఎత్తుతోంది. "అక్క ప్రార్థనలో ఉంది బావగారూ" అంటుంది. పొద్దున్న చేసినా ప్రార్థనే, భోజనం వేళ చేసినా ప్రార్థనే. వెనకాల మాత్రం సీరియల్లో ఎవరో అత్తగారు కోడలిని తిడుతూ ఉంటుంది. అందుకని ఉత్తరం రాసి, రోజూ మీ ఊరి నుంచి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చే రూతు కొడుకు డేనియల్ చేతికిస్తున్నాను. ఉత్తరంలో ఇంకో సుఖం కూడా ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి నా వాక్యం మధ్యలో నువ్వు అడ్డం రాలేవు.

నువ్వెందుకు వెళ్ళావో పక్కింటి శౌరయ్యకి కూడా తెలుసు. శనివారం నాడు గన్నవరం రోడ్డులో ఓ హోటల్ హాలులో మన మనవరాలు వినీలకి సన్మానం. షుగరు జబ్బుకి సంబంధించిన జన్యువులు కనిపెట్టిందని. వేదిక మీద ఆ పిల్ల పక్కన, ఆ పరిశోధనా సంస్థ డైరెక్టర్ హోదాలో, దుర్గాశంకర్. నేను స్టాటిస్టిక్స్ చెప్పిన కాలేజీలోనే బోటనీ చెప్పి, నా శాస్త్రాన్ని స్టాఫ్ రూములో 'పంచాంగం' అని పిలిచి, నాకు రావలసిన ప్రిన్సిపాల్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్న దుర్గాశంకర్. సభలో లేచి ఆయన్ని నాలుగు మాటలు అడుగుతానన్నాను. "అడగనని మాటివ్వండి, లేకపోతే రూతు దగ్గరికి పోతాను" అన్నావు. నేను మాటివ్వలేదు. నువ్వు పోయావు. పోయేటప్పుడు కొత్త చెప్పులు కూడా వేసుకున్నావు. అంటే ముందే అనుకున్న ప్రయాణమే.

ఆ నాలుగు మాటలేమిటో ఇప్పుడైనా విను. మనిషి ఒంట్లో ఇరవై వేల దాకా జన్యువులున్నాయి. అన్నీ ఒకే జోరుతో పనిచెయ్యవు. కొన్ని హుషారుగా, కొన్ని మన మున్సిపాలిటీ వాళ్ళలాగ. రక్తం తీస్తే ఏది ఎంత జోరు మీదుందో కొలవచ్చు. షుగరు ఉన్నవాళ్ళవీ లేనివాళ్ళవీ కొలిచి, ఒక్కో జన్యువు దగ్గరా ఆగి, "ఇక్కడ తేడా ఉందా?" అని అడుగుతారు. అసలు తేడా ఏమీ లేకపోయినా, వట్టి అదృష్టం అంత తేడా చూపించే అవకాశం నూటికి అయిదు కన్నా తక్కువైతే, సరే ఉందని ఒప్పుకుంటాం. ఒక్క ప్రశ్న అడిగినప్పుడు ఇది మర్యాదగానే ఉంటుంది. ఇరవై వేల ప్రశ్నలు అడిగితే? ఎక్కడా ఏ తేడా లేకపోయినా, నూటికి అయిదు చొప్పున వెయ్యి జన్యువులు ఊరికే చెయ్యెత్తుతాయి.

మన ఊళ్ళో కోచింగ్ కాలేజీల హోర్డింగులు చూస్తున్నావు కదా. ఇరవై వేల మంది పిల్లల చేత కళ్ళు మూసి జవాబులు దిద్దించినా కొందరికి మంచి మార్కులు పడతాయి. ఆ కొందరి ఫొటోలు బెంజ్ సర్కిల్లో నిలువెత్తున కట్టి, ఇది మా బోధన మహిమ అంటారు. మిగతావాళ్ళ ఫొటో ఏ గోడ మీదా ఉండదు. సరిగ్గా ఈ విద్యే దుర్గాశంకర్‌దీ. ఆయన అచ్చు వేయించిన కరపత్రం నా ముందుంది. 'తొమ్మిది వందల నలభై జన్యువులను గుర్తించాము' అని లావుపాటి అక్షరాలు. సువార్తా, వట్టి అదృష్టమే వెయ్యి ఇచ్చేది! ఈ పెద్దమనిషి అదృష్టంతో కూడా సమానంగా రాలేకపోయాడు. అది చదివి నవ్వేసరికి కాఫీ ఒలికి, కరపత్రంలో ఆయన ఫొటో మీద పడింది. తుడవలేదు.

కాబట్టి శనివారం లేచి అడుగుతాను. వినీల మీద నాకు ఏ కోపమూ లేదు. వేదిక మీద కూర్చున్నవాడి పక్క కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది నేను చూడను.

ఫ్రిజ్‌లో కాకరకాయలు తప్ప ఏమీ మిగల్చలేదు నువ్వు. వాటికీ నాకూ బాగానే పొసగుతోంది.

నీ ఇంటికి జీతం లేని కాపలాదారు,
లాజరు


విజయవాడ
బుధవారం

సువార్తకు,

నువ్వు జవాబు రాయలేదు. నిన్న సాయంత్రం మాత్రం వినీల వచ్చింది. నువ్వే పంపావని నాకు తెలుసు. చేతిలో నేను తినే బేకరీ బిస్కెట్లు కాకుండా, నేను తినాలని నువ్వనే జొన్న బిస్కెట్లు ఉన్నాయి.

చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"ఏంటి తాతయ్యా, శనివారం మా సభలో గొడవ చేస్తారంటగా?"

"గొడవ కాదు, ప్రశ్న."

"మీ ప్రశ్నకీ గొడవకీ తేడా ఏ పరీక్షలోనూ తేలదులెండి."

నేను కాఫీ మరకతో సహా కరపత్రం చేతికిచ్చాను. చూసి తల పట్టుకుంది.

"అయ్యో, ఇదా! ఇది పాతది తాతయ్యా. పన్నెండు మంది రక్తంతో చేసిన మొదటి ప్రయత్నం. వద్దు సార్, వద్దు సార్ అంటుంటే అచ్చేయించేశారు. మా సార్‌కి ప్రెస్సంటే పూనకం. ఇప్పుడు ఎనభై మందివి తీశాం. నలభై మంది షుగరున్నవాళ్ళు, నలభై మంది లేనివాళ్ళు. ఆ అదృష్టం సంగతి కూడా సరిచేశాను. అరవై రెండు జన్యువులే మిగిలాయి."

"ఎలా సరిచేశావు?" అన్నాను.

చెప్పింది. ఇరవై వేల జన్యువులనీ గట్టి సాక్ష్యం ఉన్నదాని నుంచి బలహీనమైన దాని వరకూ వరసలో నిలబెట్టిందట. పైనుంచి దిగుతూ, ఎక్కడ గీత గీస్తే దానికి పైన ఉన్నవాటిలో అబద్ధాలు సగటున నూటికి అయిదు దాటవో అక్కడ గీసిందట. ఇదే ఇప్పుడు లోకమంతా నడుస్తున్న పద్ధతి. నాకు తెలియక కాదు. తెలిసీ గిట్టలేదు.

"అంటే నీ అరవై రెండింటిలో మూడు అబద్ధాలు."

"సుమారుగా మూడు."

"ఏ మూడు?"

"తెలిస్తే తీసెయ్యనా తాతయ్యా?"

"తెలిసి తెలిసి మూడు అబద్ధాలకు నీ పేరు పెట్టి అచ్చు వేస్తావా? మా రోజుల్లో ఒక్కటి కూడా దూరకుండా, ఆ నూటికి అయిదుని మళ్ళీ ఇరవై వేలతో భాగించి..."

"అదీ చేశాను, మీరు అడుగుతారని. ఎన్ని మిగిలాయో తెలుసా? సున్నా. ఒక్క అబద్ధం కూడా వద్దనుకుంటే నిజాలు కూడా పోతాయి తాతయ్యా. ఏదీ కనిపెట్టనివాళ్ళకి తప్పులెలా వస్తాయి చెప్పండి?"

ఆ పిల్ల ఏమీ ఎరగక అన్నది. నాకు మాత్రం నా రిటైర్మెంట్ సభ కళ్ళ ముందుకొచ్చింది. ఆ రోజు దుర్గాశంకర్ నా మెడలో బంతిపూల దండ వేసి, మైకు పట్టుకుని ఏమన్నాడు? "మన లాజరు గారు ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. ఏదైనా చేస్తే కదండీ తప్పు జరిగేది!" హాలంతా గొల్లుమంది. అటెండర్లు కూడా. నేను ఆయన్ని క్షమించనిది అందుకని కాదు సువార్తా. ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు, ఇప్పుడు నువ్వు ఎదురుగా లేవు గనక రాస్తున్నాను. నేను అప్పుడు మొదటి వరసకేసి చూశాను. నువ్వూ నవ్వుతున్నావు. పమిట నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వుతున్నావు. ఆ రోజు నుంచి ఆయన కనబడితే నాకు వినబడేది ఆయన మాట కాదు, నీ నవ్వు.

సరే. ఆ సంగతి అక్కడ పెడదాం. నేను పిల్ల మాటని ఊరికే ఒప్పుకోలేదు. ఇవాళ పొద్దున్న మళ్ళీ రమ్మని, లాప్‌టాప్ ముందు కూర్చుని పరీక్ష పెట్టాను. "ఎవరికి షుగరుందో ఎవరికి లేదో ఆ గుర్తులన్నీ కలిపేసి, చీటీలు తీసినట్టు ఎవరికి పడితే వాళ్ళకి అంటించు. అప్పుడు కూడా నీ పద్ధతి జన్యువులను కనిపెడితే అది పద్ధతి కాదు, పూనకం" అన్నాను. కలిపింది. సున్నా వచ్చింది. మళ్ళీ కలిపింది. సున్నా. ఎన్నిసార్లు కలిపినా సున్నాయే, ఒక్కసారి మాత్రం రెండు. గుర్తులు ఉన్నవి ఉన్నట్టు పెడితే అరవై రెండు! అదృష్టం ఇలా చెయ్యలేదు. ఆ రెండు గుంపుల రక్తాల్లో నిజంగానే ఏదో తేడా ఉంది.

చివరికి ఇంకో వంక కూడా పెట్టబోయాను. తిన్నవాడి రక్తమూ తిననివాడి రక్తమూ ఒకటి కాదు, తిండి పడగానే చాలా జన్యువులు అటూ ఇటూ అవుతాయి, ఆ సంగతి చూశావా అన్నాను. "అందుకేగా తాతయ్యా, మన చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థనకి వచ్చినవాళ్ళ దగ్గరే తీయించాం! ఎనభై మందీ పరగడుపే" అంది. ఏం తెలివి! మనవరాలు నాది. ఆ మాటకి కళ్ళు చెమర్చాయని నువ్వు రూతుకి చెప్పకు.

కాబట్టి ఇక నాకు ఆయుధం లేదు. శనివారం వెళ్తాను, ముందు వరసలో కూర్చుంటాను, చప్పట్లు కొడతాను. దుర్గాశంకర్ నాకేసి చూస్తే కూడా కొడుతూనే ఉంటాను. నీకు కావలసింది ఇదేగా. ఇంక వచ్చెయ్.

ఓడిపోయిన,
లాజరు


గుడివాడ
గురువారం

వినీల తాతగారికి సువార్తమ్మ వందనాలు.

చప్పట్లు కొట్టకండి.

మీ ఉత్తరం రాత్రి డేనియల్ ఇచ్చాడు. చదువుతూ చదువుతూ ఆ ఉపవాసం ముక్క దగ్గరికి వచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి. "షుగరు పడిపోయిందా అక్కా?" అని రూతు పంచదార డబ్బా పట్టుకొచ్చింది. పడిపోయింది షుగరు కాదు.

మీరు శుక్రవారం ప్రార్థనకి ఎప్పుడూ రారు గనక మీకు తెలియదు. మా షుగరు వాళ్ళం పరగడుపున మాత్ర మింగి మధ్యాహ్నం దాకా కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి. పోయినేడు ఒకావిడ కీర్తన మధ్యలో హార్మోనియం మీద పడిపోయింది. అప్పటి నుంచి షుగరున్న వాళ్ళమందరం ముందు చర్చి వెనక సందులో కృప ఇంటికి వెళ్తాం. కృప పెసరట్లు వేస్తుంది, అల్లప్పచ్చడి చేస్తుంది. తిని, నోరు పుక్కిలించి, ముసుగు వేసుకుని, ఉపవాస ప్రార్థనకి వచ్చి కూర్చుంటాం. దేవుడికి తెలుసు. పాస్టరమ్మగారికి తెలియదు.

రక్తం తీసిన శుక్రవారాల్లో వినీల లేదు. వాళ్ళ పెద్ద సార్ దుర్గాశంకర్ గారు ఎవరో అతిథులని తీసుకురమ్మని ఎయిర్‌పోర్టుకి పంపుతూ ఉండేవారు. సూది వేసే బాబీ ఒక్కడే వచ్చాడు. బల్ల పక్కనే పాస్టరమ్మగారు నిలబడి ఉంది. బాబీ నన్ను, "పరగడుపేనా అమ్మగారూ?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు ఆవిడే, "సువార్తమ్మగార్ని అడగాలా బాబూ? ఈవిడ ఉపవాసమంటే ఉపవాసమే" అంది. నా నాలిక మీద అల్లం ఘాటు ఇంకా మండుతోంది. "అవును బాబూ" అన్నాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి నిజం చెప్పమని బెత్తం చూపించిన హెడ్‌మిస్ట్రెస్‌ని నేను! నా వెనక నిలబడ్డ వాళ్ళందరూ కూడా అవునన్నారు. షుగరు లేనివాళ్ళు మాత్రం నిజంగానే మంచినీళ్ళతో ఉన్నారు, పాపం.

ఇప్పుడు మీ లెక్క మీరే వేసుకోండి. షుగరున్న నలభై మందీ తిన్నవాళ్ళు. లేని నలభై మందీ తిననివాళ్ళు. అదృష్టం వల్ల వచ్చే అబద్ధాలు నూటికి అయిదు దాటకుండా పిల్ల గీత గీసుకుంది. మా వైపు నలభైకి నలభై అబద్ధాలు. దానికి ఏ గీత గీస్తారు? మీరందరూ కలిసి కనిపెట్టినవి షుగరు జన్యువులో, పెసరట్టు జన్యువులో ఆ దేవుడికే తెలియాలి.

రాత్రే కూర్చుని కృప ఇంటికి వచ్చేవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. అందరూ ఒప్పుకున్నారు. ఒకావిడ మాత్రం, "నేను ఉప్మా లేకుండా ఒట్టి అట్టే తిన్నాను వదినా, అది లెక్కలోకి రాదుగా" అంది. రేపు శుక్రవారమే. పొద్దున్నే బస్సెక్కి నేరుగా చర్చికి వస్తాను. ముందు నేనే లేచి చెబుతాను.

ఇంక నవ్వు సంగతి. నవ్వాను. మాట బాగుంది గనక నవ్వాను. శత్రువు వేసినా జోకు జోకే. కానీ ఇంటికి వచ్చాక ఆయన భార్య రాజేశ్వరితో ఏడాదిపాటు మాట్లాడలేదు నేను. బజార్లో ఎదురుపడితే వంకాయల కేసి చూసేదాన్ని. అది మీరు చూడలేదు. మీరు చూసిందల్లా పమిట ఒక్కటే.

మీరు శనివారం దాకా ఆగి, మైకు అడిగి, ఈ ముక్క చెబితే దుర్గాశంకర్ గారి పరువు అక్కడికక్కడే పోతుంది. మీ జీవితంలో అంత మంచి రోజు మళ్ళీ రాదు. పిల్ల పరువు కూడా అదే మైకులో పోతుంది. ముందే చెబితే పిల్ల తన తప్పు తనే పట్టుకున్నట్టవుతుంది, ఆయనా బతికిపోతాడు. ఏం చేస్తారో మీ ఇష్టం. ఈసారి మాటివ్వమని అడగను.

కాకరకాయల్లో బెల్లం వెయ్యకండి.

మీ
సువార్తమ్మ


విజయవాడ, వన్ టౌన్
శుక్రవారం

ప్రియమైన దుర్గాశంకర్ గారికి,

'ప్రియమైన' అన్నది చేతి అలవాటు కొద్దీ పడింది. కొట్టేస్తే కాగితం పాడవుతుందని ఉంచేశాను.

ఈ ఉత్తరం వినీల స్వయంగా తెచ్చి ఇస్తుంది. దీనితోపాటు ఆ పిల్ల మీకు ఒక సంగతి చెబుతుంది. రేపటి సభలో ప్రకటించవలసిన అరవై రెండు జన్యువులు ఇప్పటికి నిలబడవని. షుగరున్నవాళ్ళంతా పెసరట్లు తిని రక్తమిచ్చారు, లేనివాళ్ళంతా పస్తుండి ఇచ్చారు. తేడా నిజమే. కానీ అది జబ్బుదో, అట్టుదో చెప్పడానికి ఇప్పుడు మన దగ్గర ఏ దారీ లేదు. పిల్ల గణితంలో తప్పు లేదు. నేను స్వయంగా వెతికాను, ఎంత శ్రద్ధగా వెతికి ఉంటానో మీరు ఊహించగలరు.

ఇవాళ నేను నా జీవితంలో మొదటిసారి ఉపవాస ప్రార్థనకి వెళ్ళాను. మా ఆవిడ లేచి నిలబడి, "నేను తినే వచ్చాను, ఎప్పుడూ తినే వస్తున్నాను" అంది. తరవాత ఒక్కొక్కరే లేచారు, వరసగా, పరీక్షలో కాపీ కొట్టి దొరికిన పిల్లల్లాగా. అందరి చూపూ పాస్టరు గారి భార్య డయానా గారి మీదే. ఆవిడ కాసేపు బైబిలు అంచు సవరించుకుని, మెల్లిగా, "నాకూ షుగరు వచ్చి ఏడాదైంది. ఇంట్లో తలుపేసుకుని బిస్కెట్లు తిని వస్తున్నాను. కృపా, నన్ను ఒక్కసారైనా పిలిచావటే?" అంది. ఆ తరవాత జరిగిన ప్రార్థనలో ఉన్నంత నవ్వు నేను ఏ ప్రార్థనలోనూ వినలేదు.

వినీల మాత్రం నవ్వలేదు. ఇంటికి వచ్చాక వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. రెండేళ్ళ కష్టం. మొహం కడుక్కుని వచ్చి, "తాతయ్యా, రేపు మీరు లేచి చెబుతారా?" అని అడిగింది. ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఆ పిల్ల నా మొహంలోకి చూడలేదు. అంత భయం నేనంటే.

మీతో దాపరికమెందుకు? రేపటి సభను నేను మనసులో ఎన్నిసార్లు వేసుకున్నానో! నేను లేవడం, "మైకు ఇలా ఇవ్వండి" అనడం, మొదటి ప్రశ్నకే మీ కళ్ళజోడు ముక్కు మీదికి జారడం. మీ నోటి వెంట 'అదీ... అంటే...' అన్న మాట రావడం. పంచాంగం అన్న నోరు అది. నాకు డెబ్భై ఆరు. అంత ఆనందం మళ్ళీ దొరకదు. దాన్ని వదులుకుంటున్నాను. మీకోసమని పొరపాటున కూడా అనుకోకండి. వేదిక మీద మీ పక్క కుర్చీలో ఎవరు కూర్చున్నారో చూశాను గనక.

కాబట్టి ఇలా చెయ్యండి. సభ రద్దు చెయ్యకండి, హోటలు వాళ్ళకి అడ్వాన్సు ఇచ్చే ఉంటారు, మీకు మైకు లేకపోతే పూట గడవదు. లేచి, "మా పరిశోధనలో పొరపాటు ఉంది, దాన్ని లోకం పట్టుకోకముందే మా వినీల పట్టుకుంది" అని చెప్పండి. రెండు వాక్యాలు చాలు. దానిని మీరు ఇరవై నిమిషాలు చెబుతారని నాకు తెలుసు. అయినా వచ్చి కూర్చుంటాను. అప్పుడు చప్పట్లు కొడతాను. పిల్లకి.

రక్తాలు మళ్ళీ తీయాలి. ఈసారి వినీల దగ్గరుండి అందరికీ ఒకే టిఫిను, ఒకే వేళకి పెట్టిస్తుంది. ఆడవాళ్ళతోపాటు డెబ్భై దాటిన మగవాళ్ళవి కూడా కావాలంటోంది. మీకు షుగరు బాగా ఎక్కువగా ఉందని రాజేశ్వరి గారు మా ఆవిడతో చెప్పారట. నాకు చుక్క లేదు. మీరు జబ్బువాళ్ళ వరసలో కూర్చోండి. ఎదురుగా ఆరోగ్యవంతుల వరసలో మొదటి కుర్చీ నాది. అది నాకు ఎవరూ సిఫార్సు చెయ్యలేదు, మీరు అడ్డుపడటానికీ లేదు.

సెలవు,
లాజరు